చెట్టు మీది ఆకాశరామన్న

గాలి బాగోలేదని చెప్పే హక్కు ఎవరికి ఉండాలి? టెండరు పిలిచి కొన్న యంత్రానికి ఉండాలి. దాన్ని చదివే అధికారికి, చదివిన అంకెకు సంజాయిషీ చెప్పే ప్రతినిధికి ఉండాలి. ఇంతమంది జీతాలు తీసుకుంటూ ఉండగా, చెట్టు బెరడు మీద బూడిద రంగు మచ్చలా అతుక్కుని కూర్చున్న లైకెన్ అనే జీవి ఎవరూ అడక్కుండానే నివేదికలు ఇస్తోంది. వాటికి సంతకం లేదు, సీలు లేదు. ఆకాశరామన్న ఉత్తరాలంటే ఇవి కాక మరేమిటి?

ముందు దీని పూర్వాపరాలు చూద్దాం. లైకెన్ ఒక్క జీవి కాదు. ఒక శిలీంధ్రం (బూజు, పుట్టగొడుగుల జాతి), దాని లోపల కాపురమున్న శైవలం (నాచు జాతి) కలిస్తే లైకెన్. కొన్నిట్లో శైవలం బదులు, దానిలాగే ఎండతో వంట చేయగల సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి ఉంటుంది. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, శైవలం ఎండలో వంట చేసిపెడుతుంది. ఈ గుట్టును 1860ల చివర్లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ బయటపెట్టాడు. ఒక పేరు మీద ఇద్దరు బతకడం, ఆ ఒక్కటి చాలదూ కేసు పెట్టడానికి?

పైగా మహా సుకుమారం. దీనికి వేళ్లు లేవు, ఆకులకుండే మైనపు పొర కూడా లేదు. వాన, మంచు, దుమ్ము ఏది తెచ్చిపెడితే అది ఒళ్లంతా పీల్చుకుంటుంది. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్, అంటే బొగ్గు పొగలో ఉండే గంధకపు వాయువు, ఉంటే తడితో పాటు అదీ లోపలికి పోతుంది. శైవలంలోని పత్రహరితం దెబ్బతింటుంది, వంట ఆగుతుంది. వంటమనిషి పోయాక ఇంటాయన మాత్రం ఎన్నాళ్లుంటాడు? ముందు గడ్డంలా వేలాడేవి పోతాయి, తర్వాత ఆకుల్లా పరుచుకున్నవి, ఆఖరికి పెచ్చులా అంటుకున్నవి. చచ్చిపోయి సాక్ష్యం చెప్పే ఇలాంటి సాక్షిని ఏ లాయరు క్రాస్ ఎగ్జామినేషన్ చేయగలడు?

ఈ తగువుకు మూలపురుషుడు ఫిన్లాండ్‌కు చెందిన విలియం నైలాండర్. 1866లో పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో కనిపించే లైకెన్లు నగరంలో మిగతా చోట్ల లేకపోవడం గమనించి, గాలి ఆరోగ్యానికి ఇవే కొలబద్ద అని రాశాడు. చేతిలో ఒక్క యంత్రం లేదు. 30 ఏళ్ల తర్వాత ఆ తోటలోనూ అవి మాయమయ్యాయి. అంతటి చూపున్న ఆ పెద్దమనిషి, లైకెన్ అంటే ఇద్దరి కాపురమన్న మాటను మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు. శాస్త్రవేత్తలకూ అత్తగారి పట్టుదలలుంటాయి.

1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు ఇంకా ముందుకెళ్లారు. ఇంగ్లండ్, వేల్స్ చెట్ల మీద ఏ లైకెన్ ఉంది, ఏది లేదు అని చూసి గాలికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసే పద్ధతి తయారుచేశారు. భూతద్దం ఉన్న బడిపిల్లవాడు కూడా పరీక్షాధికారి కావచ్చన్నమాట. ఇక ప్రతినిధుల గతేం కాను?

అయితే లైకెన్లన్నీ చాడీకోర్లని నేననను. లెకనోరా కొనిజియాయిడిస్ అనే ఉత్తమ పౌరుడు ఒకడున్నాడు. మిగతావన్నీ ఊపిరాడక పోతుంటే, బ్రిటన్ గంధకపు పొగలో ఇది పచ్చగా విస్తరించింది. బొగ్గు పొగ తగ్గి గాలి బాగుపడ్డాక అదే కనబడకుండా పోయింది. జాంథోరియా అనే పసుపుపచ్చది ఇంకోటి. అమ్మోనియా లాంటి నత్రజని కాలుష్యం ఉంటే పండగ చేసుకుంటుంది. కొమ్మంతా పసుపు పూసినట్టుంటే, ఫొటో తీసి 'ప్రకృతి కళకళలాడుతోంది' అని వేసుకోవచ్చు. సన్మానం చేయాల్సింది ఇలాంటివాళ్లకి.

మిగతావాటిని బదిలీ చేద్దామా అంటే అదీ కుదరదు. శుభ్రమైన చోటి లైకెన్లను తెచ్చి, అనుమానమున్న చోట సంచుల్లో వేలాడదీస్తున్నారు శాస్త్రవేత్తలు. కొన్ని నెలల తర్వాత విప్పి ఎంత సీసం, ఎంత కాడ్మియం పట్టిందో లెక్క తీస్తారు. డెప్యుటేషన్ మీద వెళ్లినా బుద్ధి మారదు. అంతరిక్షానికి పంపేద్దామా? అదీ అయింది. 2005లో ఒక ఉపగ్రహం బయట రెండు వారాల పాటు శూన్యంలో, అతినీలలోహిత కిరణాల్లో ఆరబెడితే, తిరిగొచ్చి మళ్లీ వంట మొదలుపెట్టాయి. రోదసిని తట్టుకున్న జాతి మన రోడ్డు మీదికొచ్చేసరికి సొమ్మసిల్లుతోందంటే నటన కాక మరేమిటి?

నా కిటికీ ఎదురుగా ఒక పాత చెట్టుంది. ఒకప్పుడు దాని మొదలు నిండా బూడిద, ఆకుపచ్చ మచ్చలుండేవి. ఇప్పుడు బెరడు కడిగి తుడిచినట్టుంది, ఒక్క మచ్చ లేదు. ఆ చెట్టు నుంచి చాలా ఏళ్లుగా ఫిర్యాదులేవీ రావడం లేదు.