ఈజీఆర్‌కు రేకు బిగిస్తే ఇంజను ఆయుష్షు పెరుగుతుందా?

కొన్ని నెలలుగా పికప్ డ్రైవర్ల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం వరకు హైవే మీద లోడు తోలేవాళ్లలో దాన్ని చూడనివాళ్లు తక్కువే. నరసన్నపేట దగ్గర ఉన్న మా షెడ్డుకు వచ్చేవాళ్లు బండి దిగీ దిగకముందే దాన్ని తెరిచి నా చేతిలో పెడుతున్నారు. ఈజీఆర్ అంటే ఇంజను వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజనులోకి పంపే ఏర్పాటు. దాని గురించిన ఆ సందేశంలోని మాటలు క్లుప్తంగా ఇవి:

‘అమెరికాలో పికప్ ట్రక్కుల యజమానులు సిలిండర్లను ఆపే వ్యవస్థను పనిచేయకుండా చేసి ఇంజన్లను కాపాడుకుంటున్నారు. మన పికప్‌ల ఇంజన్లను చంపుతున్నది ఈజీఆర్ వాల్వు. దానికి రేకు బిగించి మూసేయండి. తన పొగను తానే పీల్చే బాధ ఇంజనుకు తప్పుతుంది. మైలేజీ పెరుగుతుంది, ఘాటులో బాగా లాగుతుంది, పొల్యూషన్ పరీక్షలో పాసవుతుంది. కంప్యూటర్‌లో చిన్న మార్పు చేయిస్తే లైటు కూడా వెలగదు. పార్టులు అమ్ముకునే షోరూములు ఈ సంగతి మీకు చెప్పవు.’

ఇరవై ఆరేళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పుతున్నాను. ఈ సందేశంలో పచ్చి అబద్ధాల కంటే సగం నిజాలు ఎక్కువ. అందుకే దీన్ని ఒక్కో మాటగా విప్పి చూపాలనిపించింది.

ముందు అమెరికా సంగతి. అక్కడ జనరల్ మోటార్స్ పెద్ద పికప్‌లలో వచ్చే 5.3, 6.2 లీటర్ల ఇంజన్లు ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజన్లు. ఖాళీ బండి చదును రోడ్డు మీద పోయేటప్పుడు ఎనిమిది సిలిండర్ల బలం అక్కర్లేదు కనుక పెట్రోలు ఆదా కోసం కొన్నింటిని నిద్రపుచ్చుతారు. వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్టుకూ పుష్‌రాడ్డుకూ మధ్య ఉండే లిఫ్టర్‌లోనే ఆ కిటుకంతా ఉంది. దానిలోని చిన్న పిన్నులను ఆయిలు ఒత్తిడి లోపలికి నెట్టగానే లిఫ్టర్ తనలో తాను ముడుచుకుంటుంది, వాల్వు తెరుచుకోదు. ఒత్తిడి తగ్గగానే పిన్నులు మళ్లీ బయటికొచ్చి పట్టుకోవాలి. పట్టుకోకపోతే లిఫ్టర్ ఇరుక్కుపోతుంది, దాని రోలర్ అరిగి కామ్‌షాఫ్టును తినేస్తుంది. అక్కడి యజమానుల బాధ నిజమైనదే. ఈ ఆలోచన 1981లో క్యాడిలాక్ కార్లతో మార్కెట్లోకి వచ్చినప్పుడు కూడా చాలామంది వైరు తీయించి దాన్ని ఆపేసుకున్నారు.

అయితే ఇప్పుడు వాళ్లు చేస్తున్నది ఏమిటి? డాష్‌బోర్డు కింద స్కానర్ పెట్టే సాకెట్‌లో ఒక చిన్న పరికరం గుచ్చుతారు. అది ఎనిమిది సిలిండర్లూ ఎప్పుడూ పనిచేసేలా చూస్తుంది. లిఫ్టర్లు ముడుచుకోవడం ఆగుతుంది కానీ, పిన్నులున్న ఆ లిఫ్టర్లు ఇంజనులోనే ఉంటాయి. వాటిని పూర్తిగా వదిలించుకోవాలంటే ఇంజను విప్పి లిఫ్టర్లూ కామ్‌షాఫ్టూ మార్చాల్సిందే. ఇంకో సంగతి చూడండి. 2025 ఏప్రిల్‌లో అదే 6.2 లీటర్ల ఇంజనున్న దాదాపు 6 లక్షల వాహనాలను అమెరికాలో కంపెనీ వెనక్కి పిలిచింది. కారణం క్రాంక్‌షాఫ్టు, కనెక్టింగ్ రాడ్లలో లోపం. సిలిండర్లు ఆపే వ్యవస్థకూ దానికీ సంబంధం లేదు. ఆ పరికరం గుచ్చుకున్న యజమాని కూడా బేరింగు పోయే ప్రమాదం నుంచి తప్పించుకోలేడు.

ఇక మన బండ్లు. మనం తోలే డీజిల్ పికప్‌లలో సిలిండర్లు ఆపే ఏర్పాటే లేదు. పెట్రోలు ఇంజను తక్కువ బరువు మీద నడిచేటప్పుడు థ్రాటిల్ సగం మూసుకుని ఉంటుంది. ఆ సందులోంచి గాలి లాగడానికి శక్తి వృథా అవుతుంది. సిలిండర్లు ఆపడం ఆ వృథాను తగ్గించడానికే. డీజిల్ ఇంజను శక్తిని గాలితో కాక డీజిల్ మోతాదుతో అదుపు చేస్తుంది కనుక ఆ వృథా మొదటి నుంచీ తక్కువ. ఈజీఆర్ పెట్టింది డీజిల్ ఆదాకు కాదు, విషవాయువు తగ్గించడానికి. రెంటికీ పోలికే లేదు. ఒక ఊరి రోగానికి రాసిన మందును ఇంకో ఊరి రోగి నోట్లో పోస్తున్నారు.

రెండో మాట, ‘తన పొగను తానే పీల్చడం’. వినగానే గుండెకు తగిలే మాట ఇది, అందుకే ఇంత దూరం పాకింది. మనిషి వదిలిన గాలినే మళ్లీ పీలిస్తే ఊపిరాడదు కదా అని అడుగుతారు. డీజిల్ ఇంజను సంగతి వేరు. తక్కువ బరువు మీద నడిచేటప్పుడు అది తనకు కావలసిన దానికంటే చాలా ఎక్కువ గాలి లాగుతుంది. అందులో కొంత భాగం స్థానంలో కాలిపోయిన గాలిని పంపినా మంటకు కావలసిన ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. ఎందుకు పంపాలి అంటే, మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. సిలిండర్‌లో మంట వేడి సుమారు 1500 డిగ్రీలు దాటితే ఈ నైట్రోజన్ ఆక్సిజన్‌తో జోరుగా కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. కాలిన గాలిలోని కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వేడిని తాగేస్తాయి, ఆక్సిజన్ వంతునూ తగ్గిస్తాయి. మంట శిఖరం దిగుతుంది. ఈజీఆర్ చేసే పని అంతే.

ఇందులో ఒక నిజాన్ని నేను దాచను. మంట చల్లబడితే మసి పెరుగుతుంది. ఆ మసి ఇన్‌టేక్ మానిఫోల్డులోకి వెళ్లి అక్కడ ఆయిలు ఆవిరితో కలిస్తే తారులా గడ్డకడుతుంది. బొటనవేలు పట్టనంతగా పూడిపోయిన మానిఫోల్డులను నా చేత్తో గోకాను. అలాంటిది చూసిన యజమానికి ఈజీఆర్ మీద కోపం రావడం సహజం. కానీ ఆ తారులో మసి ఒక పాలు మాత్రమే. రెండో పాలు ఆయిలు. అది ఎక్కడిదని ఎవరూ అడగరు. రింగులు అరిగి క్రాంక్‌కేసు నుంచి బ్రీదర్ గొట్టం గుండా వస్తున్నదా? ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో సీలు కారుతున్నదా? థర్మోస్టాట్ తీసి పారేస్తే ఇంజను చల్లగా ఉంటుందనే ఇంకో పిచ్చి నమ్మకం మన దగ్గర ఉంది. అలా తీసేసిన బండి ఎప్పటికీ సరైన వేడికి రాదు, చల్లటి ఇంజనులో మసి ఇంకా త్వరగా పేరుకుంటుంది. రేకు బిగిస్తే మసి వచ్చే దారి మూసుకుంటుంది. రింగులు, సీలు, థర్మోస్టాట్ ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. కవిటి వైపు నుంచి కొబ్బరికాయలు తోలే ఒక అబ్బాయి ఉన్నాడు. నన్ను బాబాయ్ అని పిలుస్తాడు. తిత్లీ తుపానుకు 2018లో వాళ్ల తోట నేలకూలాక కిస్తీల మీద పికప్ కొన్నాడు. ఆ బండి మీదే ఇల్లు నడుస్తోంది. ఒకసారి లాగుడు తగ్గి, నల్ల పొగ మొదలైంది. వేరే ఊళ్లో ఒక మేస్త్రి ఈజీఆర్ పాడైందని రేకు బిగించి, కంప్యూటర్‌లో మార్పు కూడా చేసి పంపించాడు. పొగ కొంచెం తగ్గింది. అబ్బాయికి నమ్మకం కుదిరింది. కొన్ని నెలల తరువాత కాయలతో సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కుతుండగా పెద్ద చప్పుడుతో బండి చచ్చుబడింది. తాళ్లు కట్టించి వెనక్కి తెచ్చాక విప్పి చూశాను. టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టం క్లిప్పు దగ్గర నిలువునా చీలిపోయి ఉంది. చీలిక అంచు పాతది, నూనె పట్టి నల్లబడింది. మొదటి రోజు నల్ల పొగకు కారణం అదే. టర్బో గాలి బయటికి పోతూంటే డీజిల్‌కు సరిపడా గాలి అందలేదు. ఈజీఆర్‌కు రేకు వేయగానే కొంత గాలి మిగిలి పొగ తగ్గినట్టు కనిపించింది. గొట్టం మాత్రం చీలుతూనే ఉంది. ఆ మేస్త్రి మొదట గొట్టాన్ని చేత్తో తడిమి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

మూడో మాట, ‘లైటు వెలగదు’. ఇంజనులో లోపం ఉందని డాష్‌బోర్డు మీద చెప్పే లైటు అది. ఇంతకంటే భయపెట్టే భరోసా నాకు తెలియదు. బండి కంప్యూటరు లోపలికి వెళ్లే గాలిని ఎయిర్ ఫ్లో సెన్సర్‌తో కొలిచి, ఈజీఆర్ ఎంత తెరవాలో లెక్కవేస్తుంది. రేకు బిగిస్తే గాలి లెక్క తప్పుతుంది కనుక లైటు వెలిగించి, కొన్ని బండ్లలో శక్తినీ తగ్గిస్తుంది. దాన్ని నోరు మూయించడానికి సాఫ్ట్‌వేర్ మార్చేవాళ్లు ఈజీఆర్ లోపాన్ని చూపే ఒక్క కోడుతో ఆగరు, దాని చుట్టూ ఉన్న గాలి కోడులన్నింటినీ కలిపి చెరిపేస్తారు. కవిటి అబ్బాయి బండిలో టర్బో ఒత్తిడి పడిపోతున్నా లైటు వెలగకపోవడానికి అదే కారణమని స్కానర్ పెట్టినప్పుడు అర్థమైంది. కాలిన గాలిని రేడియేటర్ నీళ్లతో చల్లబరిచే ఈజీఆర్ కూలర్ లీకైన బండ్లలోనూ ఇదే ముప్పు. రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతుంటాయి, వాల్వు మూసి ఉంది కాబట్టి కూలర్ మీద ఎవరికీ అనుమానం రాదు. చివరికి హెడ్డు వంగిన తరువాత షెడ్డుకు వస్తారు.

పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉన్న బీఎస్ 6 (2020 నుంచి వచ్చిన కాలుష్య ప్రమాణం) బండ్లకు ఇంకో చిక్కు ఉంది. ఈజీఆర్ మూస్తే మసి తగ్గుతుంది కనుక ఫిల్టర్‌కు మంచిదే కదా అంటారు. మసి తగ్గడం నిజమే. కానీ ఈజీఆర్ లోపం నమోదై ఉంటే చాలా వాహనాల్లో కంప్యూటరు ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేసే పనినే ఆపేస్తుంది. అప్పుడు చేరే మసి తక్కువైనా కాలే దారి లేక ఫిల్టర్ నిండిపోతుంది.

ఘాటులో లాగుడు పెరుగుతుందన్న మాటకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, నిండు లోడుతో ఎక్కేటప్పుడు కంప్యూటరు ఈజీఆర్‌ను చాలావరకు మూసే ఉంచుతుంది. అప్పటికే మూసి ఉన్న తలుపుకు తాళం వేసి బలం వచ్చిందంటున్నారు. మైలేజీ సంగతి కూడా అంతే. కొబ్బరికాయల లోడుతో వెళ్లి ఖాళీగా వచ్చిన ట్రిప్పునూ, పలాస జీడిపప్పు డబ్బాలతో రెండు వైపులా తిరిగిన ట్రిప్పునూ పోల్చి లీటరుకు కిలోమీటరు పెరిగిందని చెబితే అది లెక్క కాదు. ఒకటి మాత్రం మా చెవికి తెలుస్తుంది. ఈజీఆర్ ఉంటుందనుకుని డీజిల్ చిమ్మే సమయాన్ని అమర్చిన ఇంజనుకు దాన్ని తీసేస్తే మంట దూకుడుగా మారుతుంది, కొట్టుడు శబ్దం పెరుగుతుంది. ఆయుష్షు పెరిగే ఇంజను చేసే చప్పుడు కాదది.

పొల్యూషన్ పరీక్షలో పాసవుతుందన్నది నిజం. మోసం కూడా అక్కడే ఉంది. డీజిల్ బండికి మనం చేయించే పరీక్ష పొగ ఎంత చిక్కగా ఉందో మాత్రమే చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను అది కొలవనే కొలవదు. వాటిని పొగలా కంటితో చూడలేం. బరువైన పికప్ తరగతికి బీఎస్ 4లో కిలోమీటరుకు 390 మిల్లీగ్రాముల వరకు వాటిని అనుమతించారు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6లో ఆ హద్దు 125కు దిగింది. రేకు బిగించిన రోజునే ఆ దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కేస్తాం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో సాయంత్రం బడి వదిలే వేళకు ఎన్ని పికప్‌లు నిలబడతాయో చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ గాలి ఊపిరితిత్తులను మండిస్తుంది, ఎండ తగిలితే ఓజోన్‌ను పుట్టించి ఇంకా మండిస్తుంది. మన పిల్లలే ఆ గాలి పీలుస్తారు. బండి నడిపే మనిషి కూడా రోజంతా ఆ వరుసలోనే ఉంటాడు.

చట్టం సంగతి సందేశంలో అసలు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన లక్షణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షను కింద అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. శిక్ష యజమానికి. రేకు బిగించిన మేస్త్రి పేరు బండి కాగితాల్లో ఎక్కడా ఉండదు. వారంటీ ఉన్న బండి అయితే అదీ పోతుంది.

చివరిది, షోరూములు దాచిపెడుతున్నాయన్న మాట. ఇందులో ఉన్న కోపాన్ని నేనూ పంచుకుంటాను. గంటల్లో శుభ్రం చేసి తిరిగి బిగించగల వాల్వును చూడకుండానే మార్చి వేల రూపాయల బిల్లు వేసిన సందర్భాలు నా కళ్లతో చూశాను. దానికి జవాబు రేకు కాదు, శుభ్రం చేయించడం. వాల్వును విప్పాక మోటారు ఉన్న వైపును క్లీనర్‌లో ముంచకూడదు. మసి పట్టిన తలుపు వైపు మాత్రమే తడిపి, మెత్తటి బ్రష్‌తో రుద్దాలి. స్క్రూడ్రైవర్‌తో గోకితే వాల్వు కూర్చునే చోట గీత పడి మళ్లీ కారుతుంది. మానిఫోల్డును కూడా అదే రోజు దించాలి, లేకపోతే ఊడిన పెచ్చులు నేరుగా సిలిండర్‌లోకి పోతాయి. పాత ప్యాకింగ్ తిరిగి వాడకూడదు. ఎయిర్ ఫిల్టర్, బ్రీదర్ గొట్టం, టర్బో గొట్టాల క్లిప్పులు అప్పుడే చూడాలి. బిగించాక స్కానర్‌తో వాల్వు సున్నా స్థానాన్ని కంప్యూటర్‌కు తిరిగి నేర్పాలి. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు మాత్రమే తిరిగే బండి అయితే వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట ఆపకుండా నడపాలి. కవిటి అబ్బాయి బండికి రేకు తీసి, గొట్టం మార్చి, కంప్యూటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించి ఇదంతా చేశాం. మొన్న అదే బండి నిండు కాయలతో మళ్లీ సుంకి ఘాటు ఎక్కి జయపురం చేరింది.