కరిచిన కుక్కకు దెబ్బలు మందు కావు

“నెమ్మదైన పెంపుడు కుక్క ఉన్నట్టుండి కరిచిందంటే పచ్చి మాంసం రుచి మరిగిందన్నమాట, నాలుగు తగిలించి యజమాని ఎవరో తెలియజెప్పండి, నీళ్లు తాగుతుంటే రేబిస్ లేనట్లే” అన్న సందేశం వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. మూడు మాటలూ తప్పే. చివరిది ప్రాణం మీదికి తెచ్చే తప్పు కనుక ముందు దాని సంగతి చూద్దాం.

నీటిని చూసి బెదరడం రేబిస్ సోకిన మనుషుల్లో కనిపించే లక్షణం, కుక్కల్లో సాధారణంగా కనిపించదు. పక్షవాతం రూపంలో వచ్చే రేబిస్‌లోనైతే కుక్క ఎవరినీ తరమకుండా, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ ఒక మూల పడి ఉండవచ్చు. అందుచేత కాటు పడగానే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి (కారం, సున్నం అద్దకుండా), అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కను 10 రోజులు కనిపెట్టి చూడటం టీకాతో పాటు సాగవలసిన పనే గాని, టీకాకు బదులు కాదు.

పచ్చి మాంసం వల్ల సాల్మొనెల్లా వంటి క్రిములు రావచ్చు. కరిచే గుణం రాదు.

ఇక దెబ్బల సంగతి. మా వీధిలో తొమ్మిదేళ్ల లాబ్రడార్ ఒకటి, రోజూ తన మీద పడి ఆడుకునే పిల్లవాడు మెడ చుట్టూ చేతులు వేయగానే వాడి ముంజేతిని కరిచింది. “ఏ సూచనా లేకుండా కరిచింది” అన్నారు ఇంటివాళ్లు. పశువైద్యుడు చెవి ఎత్తి చూస్తే లోపలంతా ఎర్రగా వాచి, గోధుమరంగు జిగురుతో పుల్లటి వాసన వేస్తోంది. రెండు వారాలుగా అది తల విదిలిస్తూనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకు. చెవిపోటే కానక్కరలేదు, విరిగిన పన్ను, కీళ్లవాపు, మసకబారిన చూపు, ముసలితనంలో మెదడులో వచ్చే మార్పులు, దీపావళి టపాసుల బెదురు, ఏవైనా కారణం కావచ్చు. నొప్పితో ఉన్న జంతువును కొడితే, మనిషి చెయ్యి అంటేనే నొప్పి అని అది నేర్చుకుంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఆ గుర్రుమనడం మానేసి, ఈసారి నేరుగా కరుస్తుంది.

“యజమాని ఎవరో చూపించడం” అన్న ఊహకు మూలం, బోనుల్లోని తోడేళ్లు గుంపులో పెత్తనం కోసం పోటీపడతాయంటూ జంతు ప్రవర్తన శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన పరిశీలన. ఆ భావనను ప్రచారంలోకి తెచ్చినవారిలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలోని తోడేళ్ల గుంపు తల్లిదండ్రులూ పిల్లలూ కలిసిన కుటుంబమేనని 1999లో తానే రాశారు.

కర్ర పక్కన పెట్టి, కుక్కకు దూరంగా చోటిచ్చి, కరిచిన క్షణంలో ఎవరి చెయ్యి దాని ఒంటిమీద ఎక్కడుందో రాసిపెట్టుకోండి. పశువైద్యుడు మొదట అడిగేది అదే.