సవరణ: బైనారల్ లైవ్ రాక్ గురించి

బైనారల్, అంటే ఏ చెవికి వినబడేది ఆ చెవికే విడిగా పట్టిన, లైవ్ రాక్ రికార్డింగులు వినమని మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. నమ్మి వెతుక్కున్నవాళ్లు క్షమించాలి.

అమెరికన్ రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ 2000లో తెచ్చిన ‘బైనారల్’ని లైవ్ ఆల్బమ్ అన్నాను. కాదు, స్టూడియో ఆల్బమ్. అందులోనూ కొన్ని పాటలకే ఆ పద్ధతి వాడారు. జనం మధ్య కూర్చుని వింటున్నట్టు ఉండాలంటే అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ ఆల్బమ్ ‘లైవ్: టేక్ నో ప్రిజనర్స్’ వినండి. 1978లో న్యూయార్క్‌లోని బాటమ్ లైన్ క్లబ్బులో బైనారల్‌గా రికార్డు చేశారు. పాట మధ్యలో ఆపేసి జనంతో మాటల్లో పడిపోతాడాయన. నాకైతే ఆ మాటలే ప్రాణం.

రెండోది పెద్ద తప్పు. మంచి స్పీకర్లున్నా చాలన్నాను. చాలవు, హెడ్‌ఫోన్సే కావాలి. మనిషి తలలాంటి బొమ్మ చెవుల్లో రెండు మైకులు పెట్టి చేసే రికార్డింగ్ ఇది. ఎడమ పక్కనుంచి వచ్చే చప్పుడు కుడి చెవికి చేరేసరికి మిల్లీసెకనులో సగం పైచిలుకు ఆలస్యమవుతుంది, తల అడ్డొచ్చి కాస్త మందగిస్తుంది కూడా. చప్పుడు ఎటునుంచి వచ్చిందో మెదడు పట్టేది ఇలాంటి తేడాలతోనే. స్పీకర్లలో వింటే ఎడమ స్పీకరు మోత కుడి చెవిలోనూ పడి ఆ తేడా చెడిపోతుంది.

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. పక్కనుంచి ఎవరో కేకేస్తే తెలియకుండానే అటు తిరిగాను. నాతోపాటు స్టేజీ కూడా తిరిగింది. అందుకే తల కదపకుండా వినండి. ఎడమ, కుడి గుర్తులు మాత్రం చూసి పెట్టుకోండి.