గణిత సంఘంలో లెక్కల మాట ఎత్తకండి

కాలేజీల్లో లెక్కలు చెప్పేవాళ్ళకి ఒక సంఘం అవసరమా అని ఈమధ్య విశాఖలో కొందరు అడుగుతున్నారు. అవసరమే. సంఘం లేకపోతే శాలువాలు ఎవరు కప్పుతారు, ఎవరికి కప్పుతారు?

ఏటా డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం, దగ్గర పడిందంటే బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఏదో ఒక సెమినార్ హాల్లో మన బ్యానర్ లేస్తుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీద ఉన్న ప్రతివారికీ బొకే, శాలువా, మెమెంటో. ఇదంతా అయ్యేసరికి పన్నెండు దాటుతుంది కాబట్టి కీనోట్ స్పీకర్ గారు, పాపం రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినాయన, తన స్లైడ్లన్నీ పావుగంటలో లాగించేస్తారు. భోజనాలయ్యాక పేపర్లు, మనిషికి ఐదు నిమిషాలు, అందులో రెండు పెన్‌డ్రైవ్ తెరుచుకోవడానికే పోతాయి. సర్టిఫికెట్ మాత్రం అందరికీ ఇస్తాం. ప్రమోషన్ ఫైల్లో పెట్టుకోవాలి కదా, అందులో తప్పేముంది.

మన పూర్వీకులకి ఈ తెలివి లేదు. 1907లో వి. రామస్వామి అయ్యర్ అనే డిప్యూటీ కలెక్టరు, మన గుత్తిలో పనిచేస్తూ, ఇప్పుడు ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అంటున్నదాన్ని మొదలుపెట్టించాడు. ఏడాదికి 25 రూపాయల చందా, ఆ డబ్బుతో పత్రికలూ పుస్తకాలూ తెప్పించి సభ్యులకి పోస్టులో పంపడం, ఇదీ వాళ్ళ కార్యక్రమం. శాలువాల పద్దే లేదు! ఎఫ్‌.ఏ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, తప్పిన ఒక కుర్రాడు 1911లో, వర్గమూలంలో వర్గమూలం, దాంట్లో ఇంకోటి, అలా అంతులేకుండా పోయే లెక్క పంపితే, నువ్వెవరివని అడక్కుండా జర్నల్లో అచ్చేశారు. ఎవరూ జవాబు పంపకపోతే చివరికి ఆ రామానుజనే చెప్పాడు, 3 అని. ఇప్పుడైతే అంత అలుసిస్తామా? ఏ కాలేజీ అని అడుగుతాం, ఫీజు రసీదేది అంటాం, హెచ్‌ఓడీ సంతకం తెమ్మంటాం, ఈలోగా ఆయన ఫొటోకే దండేసి భోజనానికి లేస్తాం.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ప్రమాదాలు జరుగుతూనే ఉంటాయి. కిందటిసారి చర్చా సమయంలో ఒక కొత్త లెక్చరర్ లేచింది. "సార్, ఇంటర్లో లెక్కలకి నూటికి నూరు వచ్చిన పిల్లలు కూడా డిగ్రీలో లిమిట్‌ని కచ్చితంగా నిర్వచించే ఎప్సిలాన్-డెల్టా దగ్గర బిక్కమొహం వేస్తున్నారు. నిర్వచనం బట్టీ పట్టి రాస్తారు. ముందు ఎప్సిలాన్ ఎందుకిస్తారో, దాన్నిబట్టి డెల్టా ఎందుకు వెతకాలో అడిగితే చెప్పరు. మీరంతా క్లాసులో దీన్ని ఎలా మొదలుపెడతారు సార్?"

హాల్లో ఎవరూ కిమ్మనలేదు. జవాబు తెలియక కాదు, చాలామందికి తెలుసు, ఒకరిద్దరు అద్భుతంగా చెబుతారు కూడా. కానీ మన సభలో అలాంటివి మాట్లాడే అలవాటు లేదు. ఇవాళ ఎప్సిలాన్ అంటారు, రేపు డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు ఎంచుకునే సింగిల్ మేజర్ వచ్చాక లెక్కలే ఎందుకు తీసుకోవాలో పిల్లలకి ఎవరు చెబుతారంటారు, ఎల్లుండి మీ నోట్సులు అందరికీ పంచండంటారు, ఇక సభ పేరు చెప్పి అరకు విహారానికి ఎప్పుడు వెళ్తాం? అధ్యక్షులవారే ఆదుకున్నారు. "మంచి ప్రశ్నమ్మా, టీ తాగుతూ మాట్లాడుకుందాం" అన్నారు. టీతో పాటు సమోసాలు వచ్చాయి.

ఆ అమ్మాయిని ఈసారి ట్రాన్స్‌పోర్ట్ కమిటీలో వేశాం. బొర్రా గుహల టికెట్లు, బస్సులో ముందు సీట్లు ఎవరికివ్వాలి, అన్నీ ఆవిడే చూసుకోవాలి. చర్చ జరిగే టైముకి బస్సు దగ్గరే ఉండమని గట్టిగా చెప్పాం.