చేతికి పాము కరిస్తే తాడు కట్టమంటున్న మెసేజ్‌లో ఉన్న తప్పులు

చెనక్కాయ పీకే రోజులొచ్చాయంటే అనంతపురం, కర్నూలు, కడప పల్లెల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారం ఇది: చేతికి పాము కరిస్తే వెంటనే జబ్బకు తాడుతో రక్తం ఆగేంత గట్టిగా కట్టాలి. కాటు పడినచోట బ్లేడుతో గాటు పెట్టి విషం పిండాలి. ఎడమ చెయ్యయితే మరీ తొందరపడాలి, ఆ చేతి నరం నేరుగా గుండెకు పోతుంది. కట్టు సరిగ్గా పడితే ఆరు గంటల దాకా భయం లేదు. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. కొన్ని చేతిని పోగొడతాయి, చివరిది ప్రాణమే తీస్తుంది.

ముందు ఆ 'నరం' సంగతి. ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు వాటిని పిలుస్తాం. సెలైన్ ఎక్కించే నరం సిర, అందులో పారేది రక్తం. మోచెయ్యి గోడకు తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమనిపించే నరం అల్నార్ నాడి, అది స్పర్శను, కదలిక ఆజ్ఞలను మోసే తీగ, అందులో రక్తం పారదు. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాడులా లేచే నరం స్నాయువు, అది కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ. ఇక గుండెకు పోయే సిరలు రెండు చేతులకూ ఉన్నాయి. అవి చంక దాటి, ఛాతీలో ఒకే పెద్ద సిరలో కలిసి గుండె కుడి గదిలోకి చేరతాయి. ఆ పెద్ద సిర ఛాతీలో కుడివైపు ఉంటుంది కాబట్టి ఎడమ చేతి రక్తానికే దారి కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ. గుండెపోటులో ఎడమ చెయ్యి లాగడానికి కారణం వేరు. గుండె నుంచి, చేతి లోపలి అంచు నుంచి వచ్చే నాడులు వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి, మెదడు ఆ రెంటినీ విడదీయలేదు.

తాడు విషయం కాస్త నిదానంగా చూడాలి, నష్టమంతా అక్కడే. కాటు పడ్డాక విషంలో చాలా భాగం ముందుగా కదిలేది రక్తంలో కాదు, శోషరసంలో (లింఫ్), అంటే సన్నని గొట్టాల్లో పారే నీళ్లలాంటి రసంలో. చర్మం కిందున్న ఆ సన్నని గొట్టాలకు గుండెలాంటి పంపు లేదు. చుట్టూ ఉన్న కండరాలు బిగిసి వదులైనప్పుడల్లా రసం ముందుకు నెట్టబడుతుంది. ముంజేతిలో ఇరవై కండరాలున్నాయి, మణికట్టునూ వేళ్లనూ ఆడించేవి ఎక్కువగా అవే. పిడికిలి బిగించడం, చెయ్యి విదిలించడం, పరుగెత్తడం విషాన్ని తోస్తాయి. చేతిని కదలకుండా ఉంచితే తాడు లేకుండానే అది నెమ్మదిస్తుంది.

జబ్బలో ఉన్నది ఒకే ఎముక. బీపీ చూసేటప్పుడు పట్టీ కింద నొక్కుకునే బ్రేకియల్ ధమని (గుండె నుంచి చేతికి రక్తం తెచ్చే గొట్టం), జబ్బ ముందువైపు కండరమైన బైసెప్స్ లోపలి అంచు వెంట మీడియన్ నాడితో కలిసి కిందికి పోతుంది. రేడియల్ నాడి జబ్బ వెనకవైపు కండరమైన ట్రైసెప్స్ కింద ఎముకనే ఆనుకుని వెనక నుంచి మెలి తిరుగుతుంది. నులక తాడు బిగిస్తే ఆ నాడి ఎముకకూ తాడుకూ మధ్య నలుగుతుంది. తర్వాత మణికట్టు వేలాడిపోతుంది, వేళ్లు వెనక్కి లేవవు. కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆపరేషన్ థియేటర్లోనూ చేతికి పట్టీ బిగిస్తారు కదా అనవచ్చు. అది వెడల్పాటిది, ఒత్తిడి మీటరు మీద కనిపిస్తుంది, మామూలుగా రెండు గంటలు దాటనివ్వరు. తాడుకు ఆ లెక్కలేవీ లేవు.

సగం బిగిస్తే ఇంకో ప్రమాదం. సిరల్లో ఒత్తిడి తక్కువ, ధమనుల్లో చాలా ఎక్కువ. కాబట్టి సిరలు మూసుకుపోయినా ధమని పారుతూనే ఉంటుంది. రక్తం లోపలికి వస్తుంది, బయటికి పోదు. అసలే రక్తపింజర విషంతో ముంజెయ్యి వాస్తుంది, దానికి ఇది తోడు. ముంజేతి కండరాలు సాగని పొరల సంచుల్లో ఉంటాయి. లోపల ఒత్తిడి పెరిగితే లోతున ఎముకకు దగ్గరున్న కండరాలకు, అంటే వేళ్లనూ బొటనవేలినీ ముడిచే వాటికి, ముందుగా రక్తం అందకుండా పోతుంది. అవి చచ్చి నారగా మారి వేళ్లు కొంకర్లు పోతాయి. 1881లో జర్మన్ సర్జన్ ఫోల్క్‌మన్ గట్టి కట్టుల వల్ల వచ్చే ఈ వైకల్యాన్నే వివరించాడు. మెసేజ్ భరోసా ఇచ్చే ఆ ఆరు గంటలు, రక్తం అందని కండరం తిరిగిరాకుండా చావడానికి సరిపోయే కాలం.

'భయం లేదు' అన్న మాట ఇంకా ప్రమాదం. కట్లపాము కాటుకు వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు. రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఆ తర్వాత ఊపిరి ఆగడం వరసగా వస్తాయి. చేతికి కట్టు ఉందని ఇంట్లో కూర్చుంటే పోయేది ఆ సమయమే.

గాటు గురించి రెండు మాటలు చాలు. మణికట్టు ముందువైపు మీడియన్ నాడి చర్మానికి అతి దగ్గరగా, స్నాయువుల మధ్య ఉంటుంది. బొటనవేలి వైపు మనం పల్స్ చూసే రేడియల్ ధమని, చిటికెనవేలి వైపు అల్నార్ ధమని, దాని పక్కనే నాడి. వేలికి రెండు పక్కలా సన్నని ధమని, నాడి ఉంటాయి. బ్లేడు వీటిలో దేన్ని కోస్తుందో కోసేవాడికి తెలియదు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఆ గాటు కారుతూనే ఉంటుంది. పిండితే విషం బయటికి రాదు.

'తాడు కట్టాం, బతికాడు' అన్న అనుభవం చాలా ఊళ్లలో ఉంది. అది అబద్ధం కాదు. కరిచే పాముల్లో చాలావాటికి విషం లేదు, విషమున్నవీ ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తాయి. ఆ పేరు తాడుకు దక్కింది.

మరి ఏం చెయ్యాలి? ఉంగరాలు, గాజులు, వాచీ, మణికట్టు దారాలు వెంటనే తీసెయ్యండి. వేలు వాచాక ఉంగరం రాదు, అదే తాడవుతుంది. చేతికి ఒక బద్దనో మందపాటి అట్టనో ఆనించి, తువ్వాలుతో వదులుగా కట్టి మెడకు వేలాడదీయండి. కట్టు కింద వేలు దూరాలి, గోళ్లు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావాలి. నడిపించకండి. 108కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేలా ఉంటే బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. పామును పట్టే ప్రయత్నం వద్దు.

ఇప్పటికే ఎవరో గట్టిగా కట్టేసి ఉంటే దారిలో చటుక్కున విప్పకండి. ఆగి ఉన్న విషం ఒక్కసారిగా ఒంట్లోకి వస్తే ఊపిరి ఆగవచ్చు. డాక్టరు ఎదుట, మందూ ఆక్సిజనూ సిద్ధంగా ఉన్నప్పుడు నెమ్మదిగా విప్పాలి. అందుకని కట్టుతో నిదానంగా వెళ్లొచ్చని కాదు, ఇంకా త్వరగా చేరాలి.

ఆసుపత్రిలో రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషమని అనుమానిస్తారు. విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ ఒకటే. విషం ఎక్కిన లక్షణాలుంటే మొదట సాధారణంగా 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) సిరలోకి ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు. డాక్టరుకు ఉపయోగపడేలా, వాపు అంచు దగ్గర పెన్నుతో గీత గీసి పక్కన టైం రాయండి. అరగంట తర్వాత వాపు గీత దాటిందేమో చూసి మళ్లీ గీయండి.