ఉమ్మడి సందు గారికి తూర్పు ఇంటివాడు రాయునది

మహారాజశ్రీ ఉమ్మడి సందు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేవాణ్నే. కానీ ఆ ఉభయులూ మాట్లాడుకుని 9 ఏళ్లయింది. అందుకని నేరుగా తమకే రాస్తున్నాను.

1987లో మా నాన్న, పెదనాన్న తెనాలి ఇంటి స్థలం పంచుకున్నప్పుడు ఇత్తడి గంగాళం మొదలుకొని వేపచెట్టు నీడ దాకా అన్నీ చెరిసగం అయ్యాయి. తమరు మాత్రం కత్తికి అందలేదు. నా దస్తావేజులో ‘పడమర: ఉమ్మడి సందు’, పడమటింటి అన్నయ్య (పెదనాన్న కొడుకు) దస్తావేజులో ‘తూర్పు: ఉమ్మడి సందు’. వెడల్పు 9 అడుగులు, పొడవు 60, వెరసి 60 గజాలు. మా పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఈ లెక్క వచ్చింది. ఎవరైనా స్థలం విలువ అడిగితే ఇద్దరమూ తమరిని పూర్తిగా మా లెక్కలోనే కలిపి చెబుతాం. ఆ విధంగా కాగితం మీద 60 గజాలైన తమరు మా నోళ్లలో 120 అయ్యారు. గుంటలు పడ్డ నాడు మాత్రం అందులో ఒక్క గజమూ ఎవరిదీ కాదు.

తప్పు తమదనను. కిందున్నది డెల్టా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద ఎప్పుడో పూసిన పలుచని సిమెంటు ఎన్నాళ్లు ఆగుతుంది? అయినా ఆ నడిమి గుంటను మెచ్చుకోక తప్పదు. సరిగ్గా నాలుగున్నర అడుగుల దగ్గర పుట్టి రెండు వైపులకూ సమానంగా పెరిగింది. ఏ సర్వేయరూ అంత ధర్మంగా కొలవలేడు. నా సగంలో నేను ఇటుక ముక్కలు పోశాను, తన సగంలో ఆయన పోశారు, మధ్యలో నీళ్లు మిగిలాయి. ఒకనాడు మా వదిన స్కూటరుతో సహా అందులో పడితే మా ఆవిడే పరుగెత్తి లేపింది. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు. వాళ్ల పేర్లు దస్తావేజుల్లో లేవు కదా.

చివరికి మేస్త్రిని పిలిచాను. అర అడుగు నల్లమట్టి ఎత్తి, గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టి, పైన 4 అంగుళాల కాంక్రీటు వేయాలన్నాడు. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లు, 41 బస్తాలు. అన్నయ్యను సగం ఖర్చు అడగమని మా అబ్బాయిని పంపాను. వాడు మోసుకొచ్చిన జవాబు ఇది: “డబ్బిస్తే మీ నాన్న చేయించే పనికి నేను ఒప్పుకున్నట్టు, అందుకని ఇవ్వను. ఆయనొక్కడే వేయిస్తే రేపు సందంతా తనదే అంటాడు, అందుకని వేయనివ్వను.”

1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో, 20 ఏళ్లు హక్కుగా, బాహాటంగా, అంతరాయం లేకుండా నడిచినవాడికి దారి హక్కు వస్తుందన్న మాట ఒకటుంది. అలా నాకు హక్కు వచ్చేస్తుందని అన్నయ్య భయం. అది పరుల స్థలంలో నడిచేవాడి సంగతి, మీరిద్దరూ యజమానులే కదా మహాప్రభో అని వకీలు మొత్తుకున్నా అన్నయ్య చెవికెక్కలేదు. ఏటా సంక్రాంతి వెళ్లిన మర్నాడు తమరికి అడ్డంగా నులకమంచం వేసుకుని ఒక పూట పడుకుంటారు. అది నాకు అంతరాయమట. అడ్డుపెట్టిన సంగతి తెలిసి కూడా ఏడాది పాటు ఊరుకుంటేనే అది అంతరాయం కింద లెక్కని అదే చట్టంలో ఉంది. ఆ ముక్క నేనాయనకు చెప్పలేదు. ఏడాదంతా మంచం వేస్తే కష్టం.

మధ్యవర్తులు కూర్చుని ఒక దారి చూపారు. మరమ్మతు చేయించినంత మాత్రాన సందు నాదైపోదని రాసిస్తే ఆయన అడ్డురారు. 100 రూపాయల స్టాంపు కాగితం ఆయనే కొనుక్కొచ్చారు. తమరి పునర్నిర్మాణంలో పడమటింటి వాటా అదే.

ఇక వాటం గొడవ. రోడ్డు, దాని పక్కన మురుగుకాలువ దక్షిణాన ఉన్నాయి. వాస్తు ప్రకారం నీళ్లు ఈశాన్యానికే పోవాలని ఆయన పట్టు. తమరి ఈశాన్యంలో ఉన్నది మా వంటింటి గోడ. “కాలువ ఎటుంటే నీళ్లు అటు పోతాయండీ, ఈశాన్యానికి పంపాలంటే మోటారు పెట్టించండి” అని మేస్త్రి దక్షిణానికే, 10 అడుగులకు అంగుళం వాటం ఇచ్చి తాపీ కడుక్కున్నాడు. ఈ వీధిలో ధైర్యవంతుడు అతనొక్కడే.

కాంక్రీటు గట్టిపడాలని 7 రోజులు మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెట్టాను. ఆ వారమంతా అన్నయ్య అరుగు మీద కూర్చుని, తన సగం తడిగా ఉందో లేదో చూసి లోపలికి వెళ్లేవారు.

ఇంతలో ఇంకొకటి వచ్చింది. ఎక్కడపడితే అక్కడ పగలకుండా మేస్త్రి తమరికి 10 అడుగులకొక అడ్డగీత పెట్టాడు. అలా 6 గళ్లు తేలాయి. ఈ ఉదయం అన్నయ్య టేపు పట్టుకుని వచ్చి, గళ్లు లెక్కపెట్టి, రోడ్డువైపు మూడూ ఎవరి కిందికి వస్తాయని మేస్త్రిని అడిగారట. నవ్వాను. కానీ తమరి దగ్గర దాపరికమెందుకు? నిన్న రాత్రి టార్చిలైటు వేసుకుని వచ్చింది నేనే. రోడ్డువైపు మూడూ నావేనని అప్పుడే అనుకున్నాను.

ఇట్లు,
తమ సగం భాగస్వామి,
తూర్పు ఇల్లు, తెనాలి