సమావేశం నాటికీ చేరని నివేదికలు

విజయనగరం జిల్లాలోని ఒక మహిళా పొదుపు సంఘాల మండల సమాఖ్యలో లెక్కలు రాసే పని నాది. నెలవారీ సమావేశానికి రెండు రోజుల ముందే ప్రతి గ్రామ సంఘం అధ్యక్షురాలు పొదుపు, అప్పులు, బకాయిల నివేదిక పంపాలని తీర్మానించి అందరూ సంతకాలు చేశారు. అయినా సగం నివేదికలు ఆ రోజు ఉదయానికి కూడా చేరవు.

2000లో, మహిళా సంఘాల ద్వారా పల్లెల్లో పేదరికం తగ్గించేందుకు వచ్చిన వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. పుస్తక నిర్వహణ క్రమం తప్పకూడదన్న సూత్రం ఇక్కడి సంఘాలకు కొత్త కాదు. కూలి మానుకుని, ఆటో చార్జీలు పెట్టుకుని వచ్చిన సభ్యులు, నాయకురాలు ఫోనులో అంకెలు వెతుకుతుంటే రెండేసి గంటలు కూర్చుని, చివరకు ఏ నిర్ణయమూ జరగకుండానే లేచి వెళ్లడం చూస్తే నాకు కడుపు మండుతుంది. మొన్న ఒక సంఘం వాయిదా తప్పిన సంగతి అలాగే ఆలస్యంగా తెలిసింది. అప్పు సకాలంలో చెల్లించిన వారికే సున్నా వడ్డీ, అంటే వడ్డీని ప్రభుత్వం భరించే రాయితీ, వర్తిస్తుందని తెలిసి కూడా ఇంత నిర్లక్ష్యమా?

ఊడుపుల రోజుల్లో తీరిక ఉండదని నాకూ తెలుసు. అటువంటప్పుడు ఒక్క ఫోను చేసి చెబితే నేనే ఆ ఊరు వెళ్లి రాసుకుంటాను. అదీ చేయరు. వాయిదా కట్టలేని పేద సభ్యురాలిని పదిమందిలో నిలబెట్టి కారణం అడుగుతున్నాం కదా, నివేదిక పంపని అధ్యక్షురాలిని కూడా అలాగే అడిగి, ఆమె జవాబును తీర్మానాల పుస్తకంలో పేరుతో సహా రాయాలి.